545 కిలోమీటర్లు, 70 నిమిషాలు: విమానం లెక్కలో ఆ అరగంట ఎక్కడిది?

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్-బాన్ విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే సుమారు 545 కిలోమీటర్లు. 2012 మే 11న ఆ రూట్లో ఒక విమానం టైమ్‌టేబుల్ ప్రకారం మధ్యాహ్నం 1.30కి బయలుదేరాలి, 2.40కి చేరాలి. అంటే 70 నిమిషాలు. దూరాన్ని ఆ సమయంతో భాగిస్తే గంటకు 467 కిలోమీటర్ల వేగం వస్తుంది. కానీ ఇలాంటి రూట్లలో తిరిగే జెట్ విమానం పైకి చేరాక గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంతో లెక్కేస్తే 40 నిమిషాలు కూడా పట్టకూడదు. మరి మిగిలిన అరగంట ఏమైనట్టు?

రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ప్రయాణ సమయాన్ని అంచనా వేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ అరగంట దగ్గరే. దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న సూత్రం రైలుకు, బస్సుకు కొంతవరకు సరిపోతుంది. తక్కువ దూరం పోయే విమానానికి మాత్రం అస్సలు సరిపోదు. అక్కడ సమయంలో సగం దాకా దూరంతో సంబంధం లేకుండానే ఖర్చవుతుంది. పైన చెప్పిన విమానం ఆ రోజు అసలు ఎన్ని గంటలకు చేరినట్టు అన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది కూడా. ఆ సంగతికి వచ్చే ముందు దూరం గురించి కొంత చెప్పుకోవాలి.

దూరం అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి

విమానాల దూరాన్ని మహావృత్తం మీద కొలుస్తారు. భూగోళం కేంద్రం గుండా పోయేలా భూమిని రెండు సమాన భాగాలుగా కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తం అది. రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి ఆ వృత్తం మీదే ఉంటుంది. రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం తెలిస్తే హావర్‌సైన్ సూత్రంతో ఈ దూరం తేలిగ్గా దొరుకుతుంది. ఆ సూత్రం భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న నున్నని గోళంగా తీసుకుంటుంది. నిజానికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357 కిలోమీటర్లు. ఈ తేడా వల్ల గోళం లెక్కలో అర శాతం వరకు తప్పు రావచ్చు. 545 కిలోమీటర్ల మీద అది మహా అయితే మూడు కిలోమీటర్లలోపే. ఇంకా కచ్చితంగా కావాలంటే 1975లో తాడియస్ విన్సెంటీ ఇచ్చిన సూత్రాలు ఉన్నాయి. అవి భూమిని ధ్రువాల దగ్గర కాస్త అణిగిన ఆకారంగానే లెక్కలోకి తీసుకుంటాయి. రెండు చోట్ల వెతికితే దూరం రెండు మూడు కిలోమీటర్లు తేడాగా కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. ఏదో ఒకటి తప్పని కంగారు పడక్కర్లేదు.

అసలు గందరగోళం మైళ్లతో వస్తుంది. విమానయానంలో వాడేది నాటికల్ మైలు. 1929లో దాన్ని సరిగ్గా 1,852 మీటర్లుగా నిర్ణయించారు. అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, నేల మీద దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే 60 నాటికల్ మైళ్లు, సుమారు 111 కిలోమీటర్లు. రోడ్ల మీద వాడే మైలు 1,609 మీటర్లే. సాల్జ్‌బర్గ్-కొలోన్ దూరాన్ని 294 మైళ్లు అన్నా 339 మైళ్లు అన్నా రెండూ నిజమే, మైలే వేరు. ఏ మైలో చెప్పకుండా అంకె మాత్రం ఇస్తే చదివేవాళ్లు 15 శాతం పొరబడే ప్రమాదం ఉంది. భూమి ఆకారం వల్ల వచ్చే తేడా కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది.

మ్యాప్ మీద తిన్నగా కనిపించే గీత అసలు దగ్గరి దారి కాదని, విమానాలు వంపు తిరిగి పోతాయని తరచూ వినిపిస్తుంది. ఖండాలు దాటే ప్రయాణాలకు అది నిజం. ఇంత తక్కువ దూరానికి ఆ వంపు లెక్కలోకే రాదు. 50 డిగ్రీల అక్షాంశం మీద తూర్పు పడమరలుగా 500 కిలోమీటర్లు పోతే, మహావృత్తానికీ దిక్సూచిని మార్చకుండా పోయే దారికీ మధ్య తేడా పావు కిలోమీటరు కూడా ఉండదు. విమానం పది కిలోమీటర్ల ఎత్తున పోతుంది కాబట్టి దూరం పెరుగుతుందా అన్నది ఇంకో సందేహం. పెరుగుతుంది, కానీ 545 కిలోమీటర్ల మీద ఒక కిలోమీటరులోపే.

ఇంతకీ ఈ దూరం ఎక్కడి నుంచి ఎక్కడికి? ఊరి నడిబొడ్డు నుంచి కాదు, టెర్మినల్ గుమ్మం నుంచి కూడా కాదు. ప్రతి విమానాశ్రయానికి అధికారికంగా ఒక సూచిక బిందువు ఉంటుంది. అది సాధారణంగా రన్‌వేల మధ్య ప్రాంతంలో ఎక్కడో పడుతుంది. పేరులో రెండు నగరాలు ఉన్న కొలోన్-బాన్ ఆ రెంటికీ మధ్యన ఉంది. నగరం నుంచి నగరానికి కొలిచిన దూరం, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలిచిన దూరం ఒకటి కావు. ఐరోపాలో ఈ అంకెకు చట్టబద్ధమైన విలువ కూడా ఉంది. విమానం బాగా ఆలస్యమైతే ప్రయాణికులకు ఎంత పరిహారం ఇవ్వాలో చెప్పే 2004 నాటి 261వ నంబరు నియమావళి, దూరాన్ని మహావృత్తం పద్ధతిలోనే కొలవాలని స్పష్టంగా రాసింది. విమానం ఆ రోజు ఎంత చుట్టు తిరిగినా లెక్కకు అదే దూరం.

అరగంటను విప్పి చూస్తే

విమానం గేట్ దగ్గర బ్రేకులు వదిలి కదిలిన క్షణం నుంచి, అవతలి చోట ఆగి బ్రేకులు వేసే క్షణం వరకు పట్టే సమయాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద కనిపించేది ఈ సమయానికి వేసిన ముందస్తు అంచనా. గాల్లో ఉన్న సమయం ఇందులో ఒక భాగం మాత్రమే. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఒక ప్రయాణాన్ని నాలుగు క్షణాలతో గుర్తుపెట్టుకుంటారు: గేట్ వదలడం, నేల వదలడం, నేలను తాకడం, గేట్ చేరడం. మొదటి రెంటి మధ్య, చివరి రెంటి మధ్య విమానం నేల మీద చక్రాలతో నడుస్తూ ఉంటుంది. దీన్నే టాక్సీయింగ్ అంటారు. ఈ రెండు ముక్కలూ కలిసి చిన్న విమానాశ్రయాల మధ్య కూడా ఓ పదిహేను నిమిషాలు తినేస్తాయి. ఇంజిన్లు స్టార్ట్ చేయాలి, చెక్‌లిస్టు చదవాలి, రన్‌వే చివరిదాకా వెళ్లాలి, ఎవరైనా దిగుతుంటే ఆగాలి. రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయంలో బయలుదేరడానికే ఇంత సమయం పట్టవచ్చు. మంచు పడే చోట్ల శీతాకాలంలో రెక్కల మీది మంచు కరిగించే పని అదనం. ఆల్ప్స్ పాదాల దగ్గర ఉన్న సాల్జ్‌బర్గ్‌లో అది ఏటా ఉండేదే.

ఇక గాల్లో సంగతి. 830 కిలోమీటర్ల వేగం అనేది పైకి చేరాక వచ్చే వేగం. అక్కడికి చేరడానికి, అక్కడి నుంచి దిగడానికి పట్టే సమయంలో విమానం చాలా నెమ్మదిగా పోతుంది. చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపు 250 నాట్లకు, అంటే గంటకు 250 నాటికల్ మైళ్లకు, మించి పోకూడదన్న పరిమితి ఉంది. అది గంటకు 463 కిలోమీటర్లు. 30,000 అడుగులు ఎక్కడానికి జెట్‌కు సుమారు పావుగంట పడుతుంది. ఆ లోపు 150 కిలోమీటర్ల దాకా ముందుకు పోతుంది. దిగడానికి పైలట్లు నోటి లెక్కగా వాడే సూత్రం ఒకటుంది: ప్రతి 1,000 అడుగులకు 3 నాటికల్ మైళ్లు. 30,000 అడుగుల నుంచి దిగాలంటే 90 నాటికల్ మైళ్లు, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది. మొత్తం 185 కిలోమీటర్లు. దానికి 22 నిమిషాలు వేసుకోవచ్చు.

ఇప్పుడు 545లోంచి ఎక్కడానికి 150, దిగడానికి 185 తీసేస్తే మిగిలేది 210 కిలోమీటర్లే. పూర్తి వేగంతో పోయేది ఆ మధ్య ముక్క ఒక్కటే, దానికి పట్టేది పదిహేను నిమిషాలు. ఎక్కడం 15, మధ్యలో 15, దిగడం 22, గాల్లో మొత్తం 52 నిమిషాలు. నేల మీది పదిహేను నిమిషాలు కలిపితే 67. టైమ్‌టేబుల్‌లో రాసిన 70 నిమిషాలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఇవి ఒక నిర్దిష్ట రోజు కొలతలు కావు, మామూలు పరిస్థితులకు వేసిన అంచనాలు. అయినా పోయిందనుకున్న అరగంట ఎక్కడెక్కడ ఉందో వీటితో తేలిపోతుంది. సగం నేల మీద ఉంది, సగం ఎక్కడం దిగడంలో ఉంది.

దీన్నుంచి పనికొచ్చే లెక్క ఒకటి వస్తుంది. జెట్ అయితే దూరాన్ని 830తో భాగించి, వచ్చినదానికి అరగంట కలపాలి. ఆ అరగంట దూరం మారినా పెద్దగా మారదు. 300 కిలోమీటర్ల ప్రయాణానికైనా, 1,000 కిలోమీటర్ల ప్రయాణానికైనా దాదాపు అంతే. అందుకే దూరం సగమైతే సమయం సగం కాదు. దూరం పెరిగేకొద్దీ ప్రతి అదనపు 100 కిలోమీటర్లకు అయ్యేది ఏడు నిమిషాలే. విమాన ప్రయాణం దూరాలకు చౌకగా, దగ్గరికి ఖరీదుగా అనిపించడానికి మూలం ఇక్కడే ఉంది. డబ్బు సంగతి అటుంచి సమయం సంగతి చూసినా అంతే.

ఈ సూత్రం చెల్లని చోటు కూడా ఒకటుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న దీవుల మధ్య 1967 నుంచి విమానం తిరుగుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు. టైమ్‌టేబుల్‌లో రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన ఒకసారి 53 సెకన్లలోనే చేరింది. అక్కడ వాడే ఐలాండర్ అనే చిన్న విమానం పెద్ద ఎత్తుకు ఎక్కదు, రన్‌వే చిన్నది కాబట్టి నేల మీద నడిచే దూరమూ లేదు. పైకెక్కే పని లేకపోతే ఆ స్థిరమైన అరగంట కూడా ఉండదని ఇంతకంటే బాగా చూపించే రూటు ప్రపంచంలో లేదు.

ఫ్యాన్ ఉన్న విమానం నిజంగా అంత నెమ్మదా

చిన్న రూట్లలో జెట్‌ల కంటే ఎక్కువగా కనిపించేవి టర్బోప్రాప్‌లు. ఏటీఆర్ 72 లాంటివి. రెక్కల ముందు పంకాలు తిరుగుతుంటాయి కాబట్టి పాతకాలం బండి అనుకునేవాళ్లు చాలామంది. దాని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. జెట్ వేగంలో 60 శాతమే. కాబట్టి ప్రయాణం కూడా అంత సాగుతుందని భయపడతారు.

300 కిలోమీటర్ల రూటు తీసుకుందాం. జెట్ అంత దూరానికి 30,000 అడుగులు ఎక్కదు, ఎక్కితే వెంటనే దిగాల్సి వస్తుంది. 24,000 అడుగుల దగ్గర ఆగుతుందనుకుంటే, ఎక్కడం దిగడంలోనే 250 కిలోమీటర్లు అయిపోతాయి. పూర్తి వేగంతో పోయేది చివరికి 50 కిలోమీటర్లు. గాల్లో మొత్తం 33 నిమిషాలు. టర్బోప్రాప్ 17,000 అడుగుల దగ్గరే ఆగుతుంది. త్వరగా తన ఎత్తుకు చేరి, 120 కిలోమీటర్లు తన మామూలు వేగంతో పోయి దిగుతుంది. మొత్తం 42 నిమిషాలు. అంటే తేడా తొమ్మిది నిమిషాలు. వేగాలను బట్టి దూరాన్ని భాగిస్తే పద్నాలుగు నిమిషాల తేడా కనిపించాలి, నిజంలో అంత ఉండదు. పైగా టర్బోప్రాప్ ఇంధనం బాగా తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వే చాలు. తక్కువ దూరాల్లో ఇది వెనకబడిన విమానం కాదు, ఆ దూరానికి సరిగ్గా కుదిరిన విమానం. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే పంకాలను చూసి టికెట్ వదులుకునేవాళ్లు ఉన్నారు.

దూరం 1,000 కిలోమీటర్లకు పెరిగితే మాత్రం కథ మారుతుంది. టర్బోప్రాప్‌కు ప్రతి అదనపు 100 కిలోమీటర్లకు పన్నెండు నిమిషాలు పడతాయి, జెట్‌కు ఏడు. గాల్లో సమయం ఒకదానికి 85 నిమిషాలు, ఇంకోదానికి రెండు గంటల పైన. 40 నిమిషాల తేడా అంటే ప్రయాణికుడు పట్టించుకోక తప్పదు.

గాలి, రన్‌వే, పోయే దిక్కు

ఒకే రూట్లో పోయేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం ఉంటుంది. తూర్పుకు పోయే విమానం త్వరగా చేరుతుందంటే భూమి తిరగడం వల్లేనని చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. భూమితో పాటే గాలీ, ఆ గాల్లో ఉన్న విమానమూ తిరుగుతున్నాయి. మధ్య అక్షాంశాల్లో పైన పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి, తేడా వాటి వల్ల. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలకు పైన పట్టే దారి అది.

చిన్న రూట్లో ఇంత నాటకీయంగా ఉండదు కానీ గాలి నియమం ఒకటే. 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 400 కిలోమీటర్లు పోయి రావాలి. గాలి లేకపోతే రానూ పోనూ 96 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురైతే పోవడానికి 60 నిమిషాలు, అదే గాలి వెనక నుంచి తోస్తే రావడానికి 40 నిమిషాలు. మొత్తం 100. పోయేటప్పుడు నష్టపోయినదంతా వచ్చేటప్పుడు తిరిగి రాలేదు. ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం, కలిసొచ్చే గాలిలో తక్కువసేపు గడుపుతాం. నెమ్మదిగా పోయే విమానానికి ఈ దెబ్బ ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి జెట్ వేగంలో పదో వంతు కూడా కాదు, టర్బోప్రాప్ వేగంలో 16 శాతం.

రన్‌వే ఏ దిక్కుకు ఉందన్నది గాలి కంటే తక్కువ గమనించే విషయం, కానీ చిన్న రూట్లో అంతకంటే ఎక్కువ నిమిషాలు మార్చగలదు. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగా దిగుతాయి. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్-బాన్ వాయవ్య దిశలో ఉంటుంది. సాల్జ్‌బర్గ్ రన్‌వే, కొలోన్-బాన్‌లో ప్రధాన రన్‌వే రెండూ కూడా ఇంచుమించు ఆగ్నేయ-వాయవ్య దిశలోనే పరచుకుని ఉన్నాయి. వాయవ్యం నుంచి గాలి వీచిన రోజు విమానం ఎటు పోవాలో అటే లేస్తుంది, తిన్నగా వెళ్లి తిన్నగా దిగుతుంది. గాలి తిరగబడితే ముందు దక్షిణాన కొండల వైపు లేచి, వెనక్కి తిరగాలి. అవతల విమానాశ్రయాన్ని దాటిపోయి, చుట్టి వచ్చి దిగాలి. ఇందులో ఒక చిత్రమైన సర్దుబాటు కూడా ఉంది. రన్‌వేల దగ్గర దారిని తగ్గించే వాయవ్య గాలే ప్రయాణమంతా ఎదురుగాలి. ఒకచోట ఇచ్చింది ఇంకోచోట తీసుకుంటుంది.

చుట్టు తిరగడం ఎక్కడ జరిగిందన్నది కూడా ముఖ్యం. పైన పూర్తి వేగంతో పోతున్నప్పుడు 30 కిలోమీటర్లు అదనంగా పోతే రెండు నిమిషాల పైచిలుకు. అదే 30 కిలోమీటర్లు కింద, దిగబోయే ముందు గంటకు 400 కిలోమీటర్ల వేగంతో తిరిగితే నాలుగున్నర నిమిషాలు. రూటు మ్యాప్ మీద రెండూ ఒకే పొడవుగా కనిపిస్తాయి, గడియారంలో ఒకటి రెండోదానికి రెట్టింపు. దిగడానికి వరుస ఉంటే గాల్లో గుండ్రంగా తిప్పుతారు. మామూలు హోల్డింగ్‌లో ఒక చుట్టుకు నాలుగు నిమిషాలు: ఒక నిమిషం తిరగడం, ఒక నిమిషం తిన్నగా, మళ్లీ అవే రెండూ. పది గంటల ప్రయాణంలో ఒక చుట్టును ఎవరూ గమనించరు. 70 నిమిషాల ప్రయాణంలో అది దాదాపు ఆరు శాతం.

టైమ్‌టేబుల్ ఎలా తయారవుతుంది

ఇన్ని మారేవాటి మధ్య టైమ్‌టేబుల్‌లో ఒకే అంకె ఎలా రాస్తారు? విమాన సంస్థలు అదే రూట్లో, అదే సీజన్‌లో, అదే పూటలో గతంలో ఎంత పట్టిందో చూసి రాస్తాయి. సగటు వేస్తే సగం విమానాలు ఆలస్యమైనట్టే లెక్క. అందుకే సగటు మీద కొంత కలుపుతారు. అమెరికా రవాణా శాఖ లెక్కల్లో, చెప్పిన సమయం తర్వాత 15 నిమిషాల్లోపు చేరితే సమయానికి చేరినట్టే. ఇలాంటి కొలమానం ఉన్నప్పుడు అంచనాలో కొన్ని నిమిషాలు ఎక్కువ వేసుకోవడం సహజం. అందువల్లే ఆలస్యంగా బయలుదేరిన విమానం సమయానికి చేరిపోవడం చూస్తుంటాం. పైలట్ వేగం పెంచి సాధించింది తక్కువ, ముందే కలిపి ఉంచిన నిమిషాలు ఆదుకున్నది ఎక్కువ. మధ్యలో పూర్తి వేగంతో పోయేది పదిహేను నిమిషాలే అయినప్పుడు, ఆ వేగాన్ని కాస్త పెంచినా కలిసొచ్చేది ఒక నిమిషం.

అయితే చిన్న రూట్ల విమానం రోజుకు ఆరేడు ట్రిప్పులు తిరుగుతుంది. పొద్దున మొదటి ట్రిప్పులో పోయిన ఇరవై నిమిషాలు సాయంత్రం దాకా వెంటాడతాయి. ఐరోపాలో ఇంకో చిక్కు కూడా ఉంది. దారిలో ఎక్కడైనా ఆకాశం రద్దీగా ఉంటే, విమానాన్ని గాల్లో తిప్పే బదులు బయలుదేరే చోటే ఆపేస్తారు. దానికి టేకాఫ్ సమయం ఒకటి కేటాయిస్తారు. ఆ సమయానికి ఐదు నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాత వరకు మాత్రమే అది లేవాలి. తప్పితే మళ్లీ వరుసలో నిలబడాలి. ప్రయాణికులు తలుపులు మూసిన విమానంలో కూర్చుని ఎందుకు కదలట్లేదో తెలియక టెన్షన్ పడేది చాలావరకు ఇలాంటప్పుడే. గంట ప్రయాణానికి గంట ఎదురుచూపు అనే మాట ఇక్కడ నిజమవుతుంది, దానికి రెండు ఊళ్ల మధ్య దూరంతో ఏ సంబంధమూ లేదు.

టికెట్ మీది రెండు సమయాలను తీసివేసి ప్రయాణ సమయం లెక్కేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆ రెండూ ఆయా ఊళ్ల గడియారాలవి. ఆస్ట్రేలియాలో డార్విన్, కునునుర్రా మధ్య 440 కిలోమీటర్లు. ఒకటి ఉత్తర ప్రాంతంలో, ఇంకోటి పశ్చిమ రాష్ట్రంలో. రెండు గడియారాలకు గంటన్నర తేడా. డార్విన్‌లో పది గంటలకు బయలుదేరి గంటలో చేరితే, కునునుర్రాలో సమయం తొమ్మిదిన్నర. బయలుదేరడానికి ముందే చేరినట్టు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గంట దారి రెండున్నర గంటలుగా కనిపిస్తుంది.

చేరడం అంటే ఏ క్షణం

ఇప్పుడు సాల్జ్‌బర్గ్ విమానానికి తిరిగి వద్దాం. ఆ రోజు అది మూడు గంటల పది నిమిషాలు ఆలస్యంగా లేచింది. మధ్యాహ్నం 2.40కి చేరాల్సింది, సాయంత్రం 5.38కి కొలోన్-బాన్ రన్‌వేను తాకింది. అంటే 2 గంటల 58 నిమిషాల ఆలస్యం. టాక్సీయింగ్ చేసి నిలిచే చోటుకు వచ్చేసరికి 5.43. ఆలస్యం 3 గంటల 3 నిమిషాలు. తలుపులు ఆ తర్వాత కొద్దిసేపటికి తెరిచారు.

ఐరోపా చట్టం ప్రకారం ఆలస్యం మూడు గంటలకు చేరితే పరిహారం ఇవ్వాలి. 1,500 కిలోమీటర్లలోపు దూరానికి అది 250 యూరోలు. ఒక ప్రయాణికుడు అడిగారు. చక్రాలు నేలను తాకినప్పుడే చేరినట్టని, ఆలస్యం మూడు గంటల లోపేనని విమాన సంస్థ వాదించింది. ఒకే ప్రయాణానికి చేరిన సమయాలు మూడు కనిపిస్తున్నాయి, ఏది లెక్క అన్నది ఆస్ట్రియా కోర్టుకు తేలలేదు. ప్రశ్న ఐరోపా సమాఖ్య న్యాయస్థానానికి వెళ్లింది.

2014 సెప్టెంబర్ 4న ఆ న్యాయస్థానం తేల్చింది. ప్రయాణంలో ఉన్నంతసేపు ప్రయాణికులు మూసి ఉన్న చోట, సంస్థ చెప్పినట్టు నడుచుకుంటూ, బయటివాళ్లతో మాట్లాడే వీలు పెద్దగా లేకుండా గడుపుతారు. తమ పనులు తాము చూసుకోలేరు. రన్‌వేను తాకినా, గేట్ దగ్గర ఆగినా ఆ పరిస్థితి మారదు. కాబట్టి దిగడానికి వీలుగా కనీసం ఒక తలుపు తెరిచిన క్షణమే చేరిన సమయం అని చెప్పింది.

545 కిలోమీటర్ల దారిలో రన్‌వే నుంచి నిలిచే చోటుకు పట్టిన ఐదు నిమిషాలు, ఆ తర్వాత తలుపు తెరవడానికి పట్టిన కాసేపు, ఇవే ఆ ఆలస్యాన్ని మూడు గంటల గీత దాటించాయి.